సవరణ: శ్రమల దినాల లెక్క

శ్రమల దినాలు (ఈస్టర్‌కు ముందు క్రైస్తవుల ఉపవాస కాలం) మొదలయ్యే భస్మ బుధవారం నుంచి వరసగా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే సరిపోతుందని మొన్నటి పోస్టులో రాశాం. తప్పు. ఆదివారాలు ఉపవాసంలోకి రావు, యేసు పునరుత్థాన దినం కదా. 2025 చూడండి: మార్చి 5న భస్మ బుధవారం, ఏప్రిల్ 20న ఈస్టర్. మధ్యలో 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. మేం చెప్పినట్టు వరసగా లెక్కేస్తే ఏప్రిల్ 13న, అంటే మట్టల ఆదివారం నాడే ముగిసిపోతుంది. అసలైన శ్రమల వారం, గుడ్ ఫ్రైడే బయటే ఉండిపోతాయి!

నీళ్లు కూడా ముట్టకూడదన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాం. పలాసవైపు జీడితోటల్లో ఎండకు జీడిపిక్కలేరేవాళ్లు అలా చేస్తే మధ్యాహ్నానికే కళ్లు తిరుగుతాయి. నీళ్లు తాగండి. సాయంత్రం ఉపవాసం విరమించేటప్పుడు ముందుగా పల్చటి చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు, అరగంటాగి అన్నం. బిర్యానీతో విరమిస్తే కడుపు పట్టేస్తుంది. సుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా పూట మానకూడదు. వాళ్లు టీవీయో, ఫోనో మానొచ్చు.

మానిన పూట బియ్యం పక్కన తీసిపెట్టండి. బైబిల్లో యెషయా 58:7 ఆకలిగొన్నవారికి పెట్టమంటోంది, మిగిల్చుకోమని కాదు.