ముక్కోణపు క్వాలిఫైయర్‌లో ఓడింది ఎవరు?

కథ ముందే రాసుకుని ఆడే అమెరికా కుస్తీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో ట్రిపుల్ థ్రెట్ క్వాలిఫైయింగ్ మ్యాచ్, అంటే పెద్ద పోటీలో స్థానం కోసం ముగ్గురు తలపడే మ్యాచ్, ఒకటి పూర్తయిందంటే అభిమానుల చర్చ దాదాపు ఎప్పుడూ గెలిచిన రెజ్లర్ చుట్టూనే తిరుగుతుంది. అతనికి ఆ స్థానం దక్కడం న్యాయమేనా, అంతకంటే పెద్ద పేరున్నవాడిని ఎందుకు పక్కన పెట్టారు, నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఇంత తొందరగా పుష్ ఇచ్చి పైకి తేవాలా అన్న ప్రశ్నల మీద వాదన రోజుల తరబడి సాగుతుంది. నా దృష్టిలో చర్చ మొదలు కావలసిన చోటు అది కాదు. ముగ్గురు తలపడి ఒక్కరే ముందుకు వెళ్ళే పోటీలో, రిఫరీ మూడు లెక్కపెట్టినప్పుడు మ్యాట్‌కు ఆనుకుని ఉన్న భుజాలు ఎవరివో చూస్తే తప్ప ఆ మ్యాచ్ ఏం తేల్చిందో అర్థం కాదు. చాలాసార్లు అది ఏమీ తేల్చదు. అభిమానుల అసంతృప్తికి మూలం అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

నియమం చిన్నదే. ముగ్గురూ ఒకేసారి రింగ్‌లో ఉంటారు. మిగిలిన ఇద్దరిలో ఎవరినైనా సరే ముందుగా పిన్ చేసినవారు (భుజాలు మ్యాట్‌కు ఆనించి మూడు లెక్క దాకా పట్టి ఉంచినవారు) లేదా సబ్మిషన్‌తో, అంటే పట్టు బిగించి ఓటమి ఒప్పించి, లొంగదీసినవారు విజేత. నియమం తప్పితే వేసే డిస్‌క్వాలిఫికేషన్, రింగ్ బయట ఎక్కువసేపు ఉంటే ఇచ్చే కౌంటౌట్ సాధారణంగా ఉండవు. ఆ ‘ఎవరినైనా సరే’ అన్న మాటలోనే కథంతా ఉంది. సింగిల్స్ మ్యాచ్‌లో ఒకరు గెలిచారంటే రెండోవారు ఓడినట్టే. ఇక్కడ మాత్రం ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు, మూడో వ్యక్తి గెలవకుండానే ఓడకుండానే ఇంటిదారి పడతాడు. మరుసటి వారం అతను మైక్ అందుకుని తననెవరూ పిన్ చేయలేదని చెప్పుకుంటే అది అక్షరాలా నిజం. 2015 మార్చి 29న, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన రెసిల్‌మేనియా 31లో బ్రాక్ లెస్నర్ ఛాంపియన్‌షిప్ పోగొట్టుకున్నది అలాగే. లెస్నర్, రోమన్ రెయిన్స్ తలపడుతున్న ఆఖరి మ్యాచ్ మధ్యలో సేత్ రోలిన్స్, ఎప్పుడైనా టైటిల్ పోటీ కోరే హక్కునిచ్చే మనీ ఇన్ ది బ్యాంక్ బ్రీఫ్‌కేస్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి దాన్ని ముగ్గురి పోటీగా మార్చాడు, రెయిన్స్‌ను పిన్ చేసి టైటిల్ ఎత్తుకెళ్ళాడు. లెస్నర్ భుజాలు మ్యాట్‌కు ఆనలేదు, కానీ బెల్ట్ చేయిజారిపోయింది.

కథ రాసేవారికి ఇంతకంటే సౌకర్యవంతమైన ఏర్పాటు మరొకటి ఉండదు. పాము చావాలి, కర్ర విరగకూడదు అన్నట్టు, విజేత ముందుకు వెళ్ళాలి, స్టార్ పరువు పోకూడదు. మధ్యలో పిన్ కావడానికి ఇంకొకరు కావాలి. క్వాలిఫైయింగ్ మ్యాచ్ ప్రకటించగానే అనుభవం ఉన్న అభిమాని ముగ్గురి పేర్లు చదివి, వీరిలో బలిపశువు ఎవరో నిమిషంలో చెప్పగలుగుతున్నాడంటే ఆ మ్యాచ్‌లోని ఉత్కంఠ సగం అప్పుడే పోయినట్టు.

అయితే ఈ పద్ధతిని సమర్థించే అభిమానుల మాటలో బలం లేదని నేను అనను. మనీ ఇన్ ది బ్యాంక్‌కు 2024లోనూ 2025లోనూ క్వాలిఫైయర్లన్నీ ట్రిపుల్ థ్రెట్‌లుగానే జరిగాయి. నిచ్చెన ఎక్కి పైన వేలాడే ఆ బ్రీఫ్‌కేస్ అందుకోవాల్సిన పురుషుల ల్యాడర్ మ్యాచ్‌లో ఆరు స్థానాలు. సింగిల్స్ పద్ధతిలో అయితే వాటికోసం పన్నెండు మందే పోటీ పడగలరు, ముగ్గురేసి చొప్పున పద్దెనిమిది మందికి అవకాశం దొరుకుతుంది. మహిళల వైపూ అదే లెక్క. వారాల తరబడి తెర మీద కనిపించని రెజ్లర్ పేరుకు కనీసం ఒక రాత్రి విలువ వస్తుంది. పైగా చిన్న ఆకారం ఉన్నవాడు పెద్దవాళ్ళను దాటి వెళ్ళడం ఈ పద్ధతిలో నమ్మశక్యంగా ఉంటుంది. 2024లో చాడ్ గేబుల్ ఒకే మ్యాచ్‌లో బ్రాన్ స్ట్రోమన్, బ్రాన్సన్ రీడ్‌లను దాటి అర్హత సాధించాడు. ఆ ఇద్దరు భారీకాయుల్లో ఏ ఒక్కరితో విడిగా తలపడినా గేబుల్ గెలుపును నమ్మించడం కష్టం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలసిపోయేలా కొట్టుకుంటున్నప్పుడు తెలివైనవాడు సందు చూసుకోవడం సహజంగా కుదురుతుంది. ఇది ముగ్గురి పోటీ మాత్రమే చెప్పగల కథ.

మరి చిక్కు ఎక్కడొస్తుంది? మ్యాచ్ నడక దగ్గర. ముగ్గురు ఉన్నా ఎక్కువ సమయం రింగ్‌లో పోరాడేది ఇద్దరే. మూడోవాడిని టాప్ రోప్ మీంచి బయటికి విసిరేస్తారు, అతను బారికేడ్ పక్కన వెల్లకిలా పడి ఉంటాడు, కెమెరా అతన్ని మరిచిపోతుంది. మామూలు మ్యాచ్‌లో ఏడెనిమిది సెకన్లలో లేచి వచ్చే అదే దెబ్బకు ఇక్కడ రెండు నిమిషాలు కదలడు. తర్వాత సరిగ్గా రెండున్నర లెక్క దగ్గర ప్రత్యక్షమై పిన్‌ను చెడగొడతాడు. ఇక ముగింపు తెలిసిందే. ఒకరు ఫినిషర్ అనే తన ఆఖరి దెబ్బతో ఎదుటివాడిని పడగొడతాడు, పిన్ చేయడానికి వంగేలోపు మూడోవాడు వెనక నుంచి వచ్చి అతన్ని బయటికి తోసేసి, ఆ పడి ఉన్న మనిషి మీద తాను వాలి మూడు లెక్క తీసుకుంటాడు. ఒకరి కష్టం ఇంకొకరి ఫలం. కపట బుద్ధి ఉన్న పాత్రకు అప్పుడప్పుడూ ఇది బాగానే నప్పుతుంది. కానీ వరసగా మూడు వారాలు, ఆరేసి క్వాలిఫైయర్లలో ఇదే తంతు చూసినప్పుడు, నిజంగా గెలవాల్సినవాడు ఎవరన్న ప్రశ్నకు కథకులు జవాబు చెప్పకుండా తప్పుకుంటున్నారన్న అనుమానం ప్రేక్షకుడికి కలిగితే తప్పు అతనిది కాదు.

2025 జూన్‌నాటి ఉదాహరణ ఈ అనుమానాన్ని బాగా విడమరిచి చూపిస్తుంది. ఆ ఏడాది ల్యాడర్ మ్యాచ్ కోసం జరిగిన ఒక క్వాలిఫైయర్‌లో సీఎం పంక్, ఏజే స్టైల్స్ ఇద్దరినీ దాటి ఎల్ గ్రాండే అమెరికానో అర్హత సాధించాడు. ఆ మాస్క్ వెనక ఉన్నది చాడ్ గేబులేనని అభిమానులందరికీ తెలుసు. గేబుల్ సొంత పేరుతో ఆడిన క్వాలిఫైయర్‌లో ఓడిపోయిన సంగతీ తెలుసు. కొందరికి ఆ చమత్కారం నచ్చింది, కొందరికి పంక్, స్టైల్స్ స్థాయికి ఇది అవమానంగా తోచింది. నాకు మాత్రం ఈ రెండిటికంటే ముఖ్యమైన విషయం తర్వాత జరిగింది. అదే నెల 28న రియాద్‌లో పంక్ నేరుగా జాన్ సీనాతో టైటిల్ మ్యాచ్ ఆడాడు. అందులో ఓడాడు. జులైలో గాంట్లెట్ మ్యాచ్ (ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలపడే పోటీ) గెలిచి మరో టైటిల్ ఛాంపియన్ గుంథర్‌తో పోటీకి అర్హత పొందాడు, ఆగస్టు 2న సమ్మర్‌స్లామ్‌లో అతన్ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ల్యాడర్ మ్యాచ్ గెలిచిన రోలిన్స్ ఆ రాత్రే బ్రీఫ్‌కేస్ వాడి పంక్ దగ్గర్నుంచి ఆ టైటిల్ లాక్కున్నాడన్నది నిజమే. కానీ క్వాలిఫైయర్ చేజారినందుకు పంక్‌కు ఏం నష్టం జరిగింది? ఏమీ లేదు. నెలైనా తిరగకముందే ఇంకా పెద్ద అవకాశం చేతికొచ్చింది. ఓటమికి ఖరీదు లేని చోట అర్హతకూ విలువ ఉండదు.

ఓడని మూడో మనిషిని సరిగ్గా వాడుకున్న సందర్భాలు లేకపోలేదు. 2005 సెప్టెంబర్ 11న మరో అమెరికా కుస్తీ సంస్థ టీఎన్ఏ జరిపిన అన్‌బ్రేకబుల్ ప్రదర్శనలో ఏజే స్టైల్స్, క్రిస్టఫర్ డేనియల్స్, సమోవా జో ఎక్స్ డివిజన్ టైటిల్ కోసం తలపడ్డారు. రింగ్‌లో ముగ్గురికీ పని ఉన్న మ్యాచ్ అది. ఒకరు బయట పడుకుని సమయం గడిపినట్టు ఎక్కడా అనిపించదు. చివరికి స్టైల్స్ పిన్ చేసింది ఛాంపియన్ డేనియల్స్‌నే కాబట్టి టైటిల్ చేతులు మారడం మీద ఎవరికీ పేచీ లేదు. జో అప్పటికి ఓటమి ఎరుగనివాడు, ఆ రాత్రి కూడా అతన్ని ఎవరూ పిన్ చేయలేదు. టీఎన్ఏ ఆ విషయాన్ని గాలికి వదిలేయలేదు. డిసెంబర్‌లో టర్నింగ్ పాయింట్ ప్రదర్శనలో జో ఒంటరిగా స్టైల్స్‌తో తలపడి ఆ టైటిల్ గెలుచుకున్నాడు. మూడో వ్యక్తి పేరు మీద మిగిలిపోయిన లెక్కను మూడు నెలల్లో తేల్చారు. నేటి క్వాలిఫైయర్లలో నాకు కనిపించని శ్రద్ధ ఇదే.

పిన్ అయింది ఎవరన్నదే అసలు ప్రశ్న అని నేను అనడానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం 2014లో దొరుకుతుంది. గెలిచినవారికి రెసిల్‌మేనియాలో టైటిల్ పోటీ దక్కే, ముప్పయి మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చే రాయల్ రంబుల్ మ్యాచ్ ఆ జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో జరిగింది; జనం కోరుకున్న డేనియల్ బ్రయాన్ పేరే అందులో లేదు. ఆఖరి స్థానమైన ముప్పయ్యో నంబర్‌లో బ్రయాన్ వస్తాడని ఎదురుచూసిన జనం, వచ్చింది రే మిస్టీరియో అని చూసి, అన్నేళ్ళుగా తాము ప్రేమించిన మనిషినే హేళనగా అరిచి తిప్పికొట్టారు. బటిస్టా గెలిచినప్పుడు హాలంతా వ్యతిరేకతతో దద్దరిల్లింది. ఆ వ్యతిరేకత వారాల తరబడి తగ్గకపోవడంతో కథ మార్చక తప్పలేదు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన రెసిల్‌మేనియా 30లో బ్రయాన్ మొదట ట్రిపుల్ హెచ్‌ను ఒంటరి పోరులో ఓడించి, ఆ గెలుపుతో రాండీ ఆర్టన్, బటిస్టాల ఆఖరి మ్యాచ్‌లో మూడోవాడిగా చేరాడు.

ఆ రాత్రి ఛాంపియన్ ఆర్టన్ పిన్ కాలేదు, లొంగిపోలేదు. మామూలుగా అయితే ఇది అభిమానులు తప్పుపట్టే ముగింపు. కానీ ఎవరూ తప్పుపట్టలేదు. బ్రయాన్ తన యెస్ లాక్ పట్టులో బిగించి లొంగదీసింది బటిస్టాను. పిట్స్‌బర్గ్‌లో జనం వద్దన్నది ఎవరినో, న్యూ ఆర్లీన్స్‌లో చేత్తో మ్యాట్ మీద కొట్టి ఓటమి ఒప్పుకున్నది కూడా ఆ మనిషే. పైగా అక్కడికి చేరే అర్హతను బ్రయాన్ ఏ మూడోవాడి భుజం మీదా పెట్టకుండా సంపాదించుకున్నాడు. క్వాలిఫైయర్‌లో ఒకరిని నేరుగా ఓడించినందువల్లే ముగ్గురి మ్యాచ్‌లో వచ్చిన గెలుపును జనం అనుమానం లేకుండా తమదిగా తీసుకోగలిగారు.

ఇందుకు భిన్నంగా రెసిల్‌మేనియా 35ను గుర్తు చేసుకోవచ్చు. మహిళలు తొలిసారి ఆఖరి మ్యాచ్ ఆడిన రాత్రి అది. బెకీ లించ్ రోండా రౌజీని మెలిపెట్టి తిప్పి పిన్ చేసినప్పుడు రౌజీ భుజం పైకి లేచినట్టు తెర మీద కనిపించింది, వాదన ఆ ఒక్క క్షణం మీదే నిలిచిపోయింది. అదే మ్యాచ్‌లో షార్లెట్ ఫ్లెయిర్ తనను ఎవరూ పిన్ చేయకుండానే స్మాక్‌డౌన్ టైటిల్ పోగొట్టుకుంది. బెకీ గెలుపు నాకు ఎంతో ఇష్టమైనదే, కానీ ఆ గెలుపు చుట్టూ ఇన్ని మినహాయింపులు పేరుకోకుండా ఉండాల్సింది. రెండేళ్ళ తర్వాత రెసిల్‌మేనియా 37లో రోమన్ రెయిన్స్ ఎడ్జ్‌ను, బ్రయాన్‌ను ఒకరి మీద ఒకరిని పేర్చి ఇద్దరినీ ఒకేసారి పిన్ చేశాడు. ముగ్గురి పోటీలో సాధారణంగా మిగిలిపోయే సందేహాన్ని ఆ ముగింపు పూర్తిగా మూసేసింది. అందుకే రెయిన్స్ ఆధిపత్యం గురించి మాట్లాడేటప్పుడు ఆ దృశ్యం ఇప్పటికీ అభిమానుల నోట వినిపిస్తుంది.

ప్రతి వారం టీవీ క్వాలిఫైయర్‌లో ఇద్దరినీ పేర్చి పిన్ చేయడం సాధ్యం కాదు, చేయకూడదు కూడా. దానికి బదులు రెజ్లింగ్‌లో ఏనాడో ఉన్న పద్ధతి ఒకటి ఉంది. ఈసీడబ్ల్యూ అనే పాత అమెరికా కుస్తీ సంస్థ త్రీ వే డ్యాన్స్ అని పిలిచిన మ్యాచ్‌లో ఎలిమినేషన్ నియమం ఉండేది: ఒకరు పిన్ అయితే వెళ్ళిపోతారు, మిగిలిన ఇద్దరూ తేలేదాకా పోరాడతారు. 1997 ఏప్రిల్ 13న ఫిలడెల్ఫియాలో ఆ సంస్థ తొలి పే-పర్-వ్యూ (డబ్బు కట్టి చూసే ప్రసారం) బేర్లీ లీగల్‌లో టెర్రీ ఫంక్, శాండ్‌మన్, స్టీవీ రిచర్డ్స్ అలాగే తలపడ్డారు. గెలిచినవారికి అదే రాత్రి ఛాంపియన్ రేవెన్‌తో పోటీ. అంటే అది ముమ్మాటికీ ముగ్గురి క్వాలిఫైయింగ్ మ్యాచే. రిచర్డ్స్ ముందుగా వెళ్ళిపోయాడు. తర్వాత శాండ్‌మన్‌ను ఫంక్ టాప్ రోప్ మీంచి మూన్‌సాల్ట్ అనే వెనక పల్టీతో పడగొట్టాడు. అప్పటికి ఫంక్ వయసు 52 ఏళ్ళు. ఆ ఒంటితోనే రేవెన్‌ను ఎదుర్కొని టైటిల్ గెలిచాడు. మూడో వ్యక్తి ఓడకుండా మిగిలిపోయే అవకాశమే ఆ నియమంలో లేదు, అందుకే ఫంక్ అర్హతను ప్రశ్నించే అవసరం ఎవరికీ రాలేదు.

ఎలిమినేషన్ పెడితే మ్యాచ్ పొడవు పెరుగుతుందని, వాణిజ్య ప్రకటనల మధ్య అంత సమయం దొరకదని, ఒక్కో స్టార్ ఒక్కో వారం ఓడుతూ పోతే విలువ తగ్గుతుందని అభ్యంతరం రావచ్చు. సమయం సంగతి నిజమే. ఆరు క్వాలిఫైయర్లకు బదులు నాలుగింటితో సరిపెట్టి, మిగిలిన రెండు స్థానాలను గత మ్యాచ్‌ల గెలుపోటముల ఆధారంగా ఇవ్వవచ్చు, ఆ గెలుపోటములను లెక్కలోకి తీసుకోవడం వల్ల మామూలు మ్యాచ్‌లకూ అర్థం వస్తుంది. స్టార్ విలువ తగ్గుతుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. బటిస్టా లొంగిపోయాడు కనుకనే బ్రయాన్ రాత్రి పూర్తయింది, డేనియల్స్ పిన్ అయ్యాడు కనుకనే జో కథ మొదలైంది.