బోల్టులు కలిసినంత మాత్రాన ఇంజను కలిసినట్టా?

పాత పికప్ బండ్ల అభిమానుల మధ్య ఒక మాట చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారం ఇది: "మాన్యువల్ గేర్ల పాత పికప్‌లో ఇంజను మార్చడం శని ఆదివారాల పని. ఇంజనును గేర్‌బాక్సుతో కలిపే బెల్ హౌసింగ్ తొడుగు బోల్టు రంధ్రాలు కలిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు. పాత గేర్‌బాక్సు ఎంత శక్తినైనా మోస్తుంది. ఆటోమేటిక్ కాదు కాబట్టి కంప్యూటరు గొడవ ఉండదు. పెద్ద ఇంజను పెడితే వేగం దానంతట అదే వస్తుంది." ఇన్ని తప్పులను ఇంత పొందికగా పేర్చడమూ ఒక విద్యే.

ముందు బోల్టుల సంగతి. ఈ ధీమా చాలావరకు షెవ్రొలే ఇంజన్ల నుంచి పుట్టిందని నా అనుమానం. 1955లో వచ్చిన స్మాల్ బ్లాక్ అనే ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజను వెనుక ముఖం మీది రంధ్రాల అమరికే, ఒక్క రంధ్రం తేడాతో, 1997లో మొదలైన ఎల్‌ఎస్ ఇంజన్లలోనూ కనిపిస్తుంది. పాత బెల్ హౌసింగ్ దానికి ఎక్కుతుంది, నిజమే. కానీ చాలా ఎల్‌ఎస్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (ఇంజను తిప్పే ప్రధాన ఇరుసు) వెనుక అంచు పాతదానికంటే సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ కొన, క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బేరింగులో కూర్చోవాలి. ఆ 10 మిల్లీమీటర్ల దూరం వల్ల కొన బేరింగును సరిగా అందుకోదు. క్రాంక్‌కు బిగించే బరువైన చక్రం ఫ్లైవీల్, దాని మీది క్లచ్ కూడా అంతే ముందుకు జరుగుతాయి. స్పేసరో, పొడవైన పైలట్ బేరింగో వేయకుండా బిగిస్తే బోల్టులన్నీ బిగుసుకుంటాయి, క్లచ్ మాత్రం సరిగా విడవదు.

అంత దూరం వెళ్లడం ఎందుకు, స్మాల్ బ్లాక్ కుటుంబంలోనే చూడండి. 1986లో వెనుక ఆయిల్ సీలు ఒకే ముక్కగా మారినప్పుడు ఫ్లైవీల్ బోల్టుల వలయం కూడా మారింది. అన్నగారి ఫ్లైవీల్ తమ్ముడికి ఎక్కదు. క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లు (స్ప్లైన్లు) కొన్ని గేర్‌బాక్సులకు 10, మరికొన్నింటికి 26. ఇంజను ఆటోమేటిక్ బండి నుంచి వచ్చిందైతే, క్రాంక్ చివర పైలట్ బేరింగు కోసం రంధ్రం చేశారో లేదో కూడా చూసుకోవాలి.

అన్నీ సరిపోయినా ఒక కొలత మిగులుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. క్రాంక్ షాఫ్ట్ కేంద్రం, బెల్ హౌసింగ్ నడిమి రంధ్రం కేంద్రం ఒకటే కావాలి. తేడా సుమారు 0.13 మిల్లీమీటర్లు దాటకూడదని చెబుతారు. మామూలు కాగితం మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులుండే పల్చటి ఫ్లెక్స్ ప్లేటు కొంచెం వంగి సర్దుకుంటుంది. మాన్యువల్‌లో ఆ వెసులుబాటు లేదు. నేను దగ్గరుండి చూసిన ఒక బండిలో గేరు లివరు వణికేది, రెండో గేరు జారిపోయేది. గేర్‌బాక్సును మూడుసార్లు దింపి ఎక్కించారు. చివరికి సూక్ష్మ తేడాలు చూపే డయల్ గేజును ఫ్లైవీల్‌కు తగిలించి క్రాంక్‌ను చేత్తో తిప్పితే ముల్లు 0.6 మిల్లీమీటర్లు ఊగింది. అంటే కేంద్రం 0.3 తప్పింది. బెల్ హౌసింగ్‌ను కాస్త పక్కకు జరిపే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సరిచేశాక వణుకు పోయింది. అన్నాళ్లూ తిట్లు తిన్నది ఏ పాపం ఎరుగని గేర్‌బాక్సు.

"పాత గేర్‌బాక్సు ఇనుప ముద్ద" అన్న వాదన మరీ విచిత్రం. గేర్‌బాక్సుకు దాని టార్క్ (తిప్పే బలం) హద్దు దానికి ఉంటుంది. తొలి తరం బోర్గ్ వార్నర్ టి5 హద్దు దాదాపు 360 న్యూటన్ మీటర్లు. 1989 డాడ్జ్ పికప్‌లో వచ్చిన కమిన్స్ 6బిటి డీజిల్ ఇంజను టార్క్ సుమారు 540. పైగా డీజిల్ టార్క్ సాఫీగా రాదు, సుత్తి దెబ్బల్లా వస్తుంది. పోత ఇనుముతో చేసిన, భారీ పనికే పుట్టిన ఎన్‌వి4500 గేర్‌బాక్సులో కూడా ఈ ఇంజను వెనుక ఐదో గేరు నట్టు వదులవడం పేరుమోసిన జబ్బు. తేలికపాటి పికప్ గేర్‌బాక్సు గతి ఊహించుకోవచ్చు.

కంప్యూటరు మాటలో సగం నిజముంది. యాంత్రిక పంపు ఉన్న పాత డీజిల్ ఇంజనుకు దాని అవసరం లేదు. అయితే డీజిల్ ఇంజనులో బ్రేకు నొక్కే బలాన్ని పెంచే బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ పుట్టదు, వేరే పంపు పెట్టాలి. ఇక కొత్త పెట్రోలు ఇంజను తెస్తే దాని కంప్యూటరు (ఈసీయూ) ఆటోమేటిక్ గేర్‌బాక్సు కోసం, తాళంచెవి సంకేతం కోసం వెతుక్కుంటుంది. దాన్ని మాన్యువల్‌కు తగ్గట్టు మళ్లీ ప్రోగ్రామ్ చేయించాలి. ఇంధనం కూడా అంతే: కార్బురేటరుకు అర బార్ లోపు ఒత్తిడి చాలు, ఎల్‌ఎస్‌కు దాదాపు 4 బార్లు కావాలి. పాత పంపుకు అది కలలో మాట.

వేగం లెక్క కాగితం మీదే తేలిపోతుంది. 6బిటి గరిష్ఠ శక్తి 2500 ఆర్‌పిఎం దగ్గరే. టాప్ గేరు 1:1, వెనుక యాక్సిల్ నిష్పత్తి 4.10, టైరు వ్యాసం 75 సెంటీమీటర్లు అనుకుంటే ఆ ఆర్‌పిఎం దగ్గర బండి వేగం గంటకు 86 కిలోమీటర్లు. పాత పెట్రోలు ఇంజను ఇంకా పైకి తిరిగేది కాబట్టి, పెద్ద ఇంజను పెట్టాక బండి నెమ్మదించిందని నోరెళ్లబెట్టిన వాళ్లున్నారు. ఆ ఇంజను దాదాపు అర టన్ను ఉంటుందని, ముందు స్ప్రింగులు, బ్రేకులు దాని కోసం చేసినవి కావని వేరే చెప్పాలా?

మిగిలింది శని ఆదివారాల ముచ్చట. ఆ రెండు రోజుల్లో పాత ఇంజను దించొచ్చు, కొత్తది వేలాడదీసి చూడొచ్చు. ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపు ఛాసిస్ అడ్డదూలానికి (క్రాస్ మెంబరుకు) తగలడం అప్పుడే కనిపిస్తుంది. వెనుక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొత్త పొడవుకు కోయించి బ్యాలెన్స్ చేయించే పని అప్పటికింకా మొదలే కాదు. ఈ మాటతో పాటు తిరిగే వీడియోలన్నీ ఇంజను మొదటిసారి గర్జించగానే ఆగిపోతాయి. బానెట్ ఉండదు, బండి స్టాండ్ల మీద ఉంటుంది. బరువు వేసుకుని రెండో గేరులో కొండ ఎక్కుతున్న వీడియో ఒక్కటీ నా కంట పడలేదు.