లాకు విరగనిదే మూత రాదు

చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లకు డబ్బాలు చేసే డిజైనర్లను మనోళ్లు ఊకె తిడుతుంటరు, రిమోటు మూత ఊడిందని, ఛార్జర్ ఇప్పరాదని, బోరు కాడ పెట్టిన మొబైల్ స్టార్టర్ డబ్బా ఒక్కసారి తీస్తే మళ్ల పడతలేదని. అసలు ఆ డబ్బా మీకోసం చేసిందని ఎవరు చెప్పిండ్రు? ఫ్యాక్టరీల ఒక్కసారి టక్కుమని మూసుకుంటే దాని జన్మ ధన్యం.

స్క్రూ అంటే సిగ్గులేని వస్తువు, టెస్టర్ చేతిల ఉన్న ప్రతోనికీ లొంగుతది. లాకు, అంటే మూత అంచుకుండి గాడిల టక్కుమని పడే ప్లాస్టిక్ కొక్కెం, అట్ల కాదు, దానికి ఆత్మగౌరవం ఉంటది, విరుగుతది గని లొంగది. దీని ఎనక పెద్ద శాస్త్రమే ఉన్నది. కొక్కెం ముక్కు ముందటి దిక్కు 30 డిగ్రీల వాలు పెడితే లోపటికి మెల్లగ జారిపోతది, ఎనక దిక్కు గూడ 45 డిగ్రీలు వాలిస్తే గుంజినప్పుడు ఊడొస్తది, అదే నిటారుగ 90 పెడితే ఇగ రాదు. మన డిజైనర్ సారు లోపట 90 పెట్టి, బయట 'ఓపెన్' అని బాణం గుర్తు చెక్కుతడు. ఇంతకన్న హాస్యం ఎవరు రాయగలరు?

కొక్కెం పొడుగు రెండింతలు చేస్తే, అంతే వంగుడుకు దాని మొదలు కాడ పడే సాగుడు నాలుగో వంతుకు దిగుతది, మొదలు కాడి మూల జర గుండ్రం చేస్తే ఇంకా గట్టిగుంటది, ఇది సారుకు తెల్వక కాదు. పొడుగు చేస్తే జాగ కావాలె, జాగ ఇస్తే డబ్బా లావైతది, లావైతే మార్కెటింగ్ సారు మొఖం మాడుతది. అందుకే కొక్కెం గోరంతే ఉంటది.

నల్లగొండ గడియారం కాడ రిపేర్ షాపుల చూడుండ్రి, డేట్ అయిపోయిన ఏటీఎం కార్డు సందుల దూర్చి, చెవి దగ్గర పెట్టుకొని, ఎటు టక్కుమంటదా అని ఊపిరి బిగబట్టి తిప్పుతుంటడు పోరడు. టక్కుమన్నది ఊడిందో విరిగిందో వానికి గూడ తెల్వదు.

ఇగ పాలమూరు కాలేజీ పిల్లల త్రీడీ ప్రింట్ డబ్బాలు వేరే లెవెల్. ఆ ప్రింటర్ ప్లాస్టిక్‌ను పొర మీద పొర పేరుస్తది, వీళ్లేమో కొక్కేన్ని నిలవెట్టి ప్రింట్ చేస్తరు, వంచంగనే పొరకు పొర ఊడొస్తది. విరగకుండ బతికి బట్టకట్టిందా, అది పీఎల్ఏ ప్లాస్టిక్ కదా, 60 డిగ్రీల కాడ మెత్తబడతది, మే నెల ఎండల పొలం కాడి ఇనుప పెట్టె మీద రెండు రోజులు పెడితే వంకరపోయి లాకు, మూత, డబ్బా అన్నీ ఒకటైతయ్.

యూరపోళ్లు 2023ల చట్టం చేసిండ్రు, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న సామాన్ల బ్యాటరీని కొన్నోడే తీసుకునేటట్టు ఉండాలెనట. పాపం, లాకు విరిగిన మూతకు మనం చుట్టే రబ్బర్ బ్యాండ్ సంగతి వాళ్లకు తెల్వనట్టుంది.

నా డిమాండ్ ఒక్కటే. ప్రతి డబ్బా నడుం చుట్టు రబ్బర్ బ్యాండ్ కూసునే గాడి కంపెనీయే చెక్కియ్యాలె, బ్యాండ్ కలర్ మార్కెటింగ్ సారు ఇష్టం. రిమోటుకైతే ఆ గాడి జర ఎనకకు పెట్టుండ్రి సారూ, ముందటి బల్బు మీదికి జారితే ఛానల్ మారది.