డబ్బు కట్టాక కూడా బ్రష్షా?

ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకి జరుగుతున్న అన్యాయం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ దించి, పైన క్యాప్ బిగించి, ఈఎంఐలు కూడా మొదలయ్యాక డాక్టరుగారు తాపీగా ఇంకో మాట అంటారు: "రోజూ రెండుసార్లు శుభ్రంగా బ్రష్ చేయండి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి." బ్రష్ చేసే ఓపికే ఉంటే అసలు పన్ను ఎందుకు ఊడేది?

మా వాదన శాస్త్రీయమైనది. టైటానియం పుచ్చదు. 1950ల్లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీద్దామంటే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని కలిపేసుకుంది. 1965లో ఇదే విద్య మనిషి నోటికెక్కింది. ఆ కుందేలు ఏనాడైనా పళ్లు తోముకున్నట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు.

పుచ్చనిది స్క్రూ మాత్రమే, చుట్టూ ఉన్న చిగురూ ఎముకా పాతవే కదా అని డెంటిస్టులు అడ్డుతగులుతారు. స్క్రూ చుట్టూ పాచి చేరితే ముందు చిగురు ఎర్రబడి రక్తం కారుతుందట. అప్పుడే శుభ్రం చేయిస్తే వెనక్కి తగ్గుతుందట. వదిలేస్తే జబ్బు ఎముకలోకి దిగుతుంది, దాన్నే పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే మొదటి దశ దాదాపు 43 శాతం మందిలో, రెండోది 22 శాతం మందిలో కనిపించింది. మన దగ్గర 43 శాతం ఓట్లొస్తే ప్రభుత్వమే ఏర్పడుతుంది. అలాంటి మెజారిటీని పట్టుకుని రోగం అనడమేమిటి?

పైగా లెక్కలు అందరివీ ఒకటి కావు. ఎముక ఎంత తగ్గితే జబ్బు అనాలన్న గీత ఒక్కొక్కరిది ఒక్కో చోట ఉంది. అందుకే రెండో దశ 1 శాతమన్నవాళ్లూ ఉన్నారు, 47 అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క శాతాన్నే నమ్మే స్వేచ్ఛ మాకుంది. స్వీడన్‌లో ఇంప్లాంట్లు పెట్టించుకుని తొమ్మిదేళ్లయిన దాదాపు 600 మందిని పరీక్షిస్తే 45 శాతం మందిలో ఎంతో కొంత జబ్బు ఉంది, ఎముక బాగా కరిగినవాళ్లు 14.5 శాతం. అంత క్రమశిక్షణ గల దేశంలోనే అలా ఉంటే మనం తోమి సాధించేదేముంది?

ఎవరికి వస్తుందన్న విషయంలోనూ పక్షపాతం కనిపిస్తుంది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకే ఇంప్లాంటు దగ్గరా ముప్పు ఎక్కువ. అంటే ఇంప్లాంటు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే. సిగరెట్, షుగర్ విషయంలో సాక్ష్యం ఇంకా పూర్తిగా తేలలేదని 2017లో నిపుణులు కూర్చుని తేల్చారు. మా సిగరెట్ మిత్రులు ఆ ఒక్క వాక్యానికి ఫ్రేము కట్టించారు, పక్కనున్న పేరాల జోలికి పోలేదు. క్యాప్ అతికించేటప్పుడు మిగిలిన సిమెంటు చిగురు కింద ఉండిపోయినా వాపు వస్తుంది. ఈ కారణమంటే మాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే తప్పు డాక్టరుది.

క్లీనింగ్ సంగతి వేరే చెప్పాలా? చేయిస్తే పళ్లు కదులుతాయని మన ఇళ్లలో పెద్దలు ఎప్పుడో తీర్పిచ్చేశారు. బ్రెజిల్‌లో మాత్రం మొదటి దశలో ఉన్నవాళ్లని ఐదేళ్లు గమనించారు. క్రమంగా వచ్చి క్లీనింగ్ చేయించుకున్నవాళ్లలో 18 శాతం మందికి జబ్బు ఎముకలోకి దిగితే, రానివాళ్లలో 44 శాతం మందికి దిగింది. బ్రెజిల్ పెద్దలు వాళ్లకి సరైన సమయంలో సలహా ఇచ్చి ఉండరు.

అమెరికా నుంచి సెలవుకొచ్చి హైదరాబాద్‌లో పళ్లు పెట్టించుకుని వెళ్లే మనవాళ్లది ఇంకా సుఖం. ఫాలోఅప్ అంటే వాట్సాప్‌లో నోరు తెరిచిన ఫొటో. "బానే ఉందిగా డాక్టర్?" ఫొటోలో బానే ఉంటుంది.

క్లినిక్‌కి వెళ్తేనే పరువు పోతుంది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీని చిగురుకీ స్క్రూకీ మధ్య మెల్లగా దించుతారు. డాక్టరు "ఆరు" అంటే అసిస్టెంటు రాసుకుంటుంది. కడ్డీ తీసిన కాసేపటికి చిగురు అంచున రక్తం చిమ్ముతుంది. "నొప్పేం లేదండీ, రాయిలా ఉంది" అంటాడు కుర్చీలో పెద్దాయన, ధీమాగా. నిజమే. సొంత పన్నైతే దానికీ ఎముకకీ మధ్య నారల్లాంటి పొర ఉంటుంది, ఎముక తగ్గేకొద్దీ పన్ను కదిలి గోల చేస్తుంది. ఈ స్క్రూకి ఆ పొర లేదు. సగం ఎముక పోయినా, మిగతా సగం పట్టుకున్నంత కాలం కిక్కురుమనదు. ఇంత మర్యాదస్తురాలిని అనుమానించడానికి మనసెలా వస్తుంది?

కాబట్టి మా డిమాండు ఒక్కటే. జీవితకాల వారంటీ అని కార్డు చేతిలో పెడుతున్న కంపెనీలు స్క్రూతోపాటు పొద్దునా రాత్రీ వచ్చి మా పళ్లు తోమే మనిషిని కూడా ఇవ్వాలి. పళ్ల సందుల్లో దూర్చే ఆ బుల్లి బ్రష్షు కూడా అతనే తెచ్చుకోవాలి. ఆదివారాలు సెలవిస్తాం, మేమేం రాక్షసులం కాదు.