నేలకు బిగించిన బెంచీ గారికి ఒక లేఖ

బెంచీ గారూ, నమస్కారం.

మూడేళ్లు మీ మీదే కూర్చున్నా మిమ్మల్ని పలకరించడం ఇదే మొదటిసారి. ఏమీ అనుకోకండి, ఆ గదిలో ఎవరం ఎవరినీ పలకరించుకోలేదు. అది కొత్త భాషలో మాట్లాడటం నేర్పే క్లాసు మరి!

"వెనకవాళ్లతో సంభాషించండి" అనేవారు మేడం. నడుము ఇటు, మెడ అటు తిప్పి, మోకాలు మీ అంచుకి ఠంగుమని తగిలించుకుని "మీ పేరేమిటి" అనేసరికే టైమైపోయేది. 60 మందిమి మూడేళ్లపాటు ఒకరి తల వెనకభాగం ఒకరం చూసుకున్నాం. ఇప్పటికీ మా క్లాసువాళ్లు ఎదురైతే గుర్తుపట్టలేను గానీ, ఒకసారి వెనక్కి తిరగమంటే పేరూ రోల్ నంబరూ రెండూ చెప్పేస్తాను.

ముందు వరసలోనూ గది మధ్యభాగంలోనూ కూర్చున్నవాళ్లే ఎక్కువ మాట్లాడతారని 1970లోనే ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. నాది గోడ పక్క. పైన ఫ్యాను గరగర. నావరకూ రాకముందే ప్రశ్న సగం అందులోనే కొట్టుకుపోయేది, ఆ మిగిలిన సగానికి నేను జవాబు చెప్పాలి.

పేరు పిలిస్తే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుండేది. ఇది నా పిరికితనమే అనుకున్నాను గానీ, భాష క్లాసులో పుట్టే ఈ టెన్షన్‌ని కొలవడానికి 1986లోనే హార్విట్జ్ అనే పరిశోధకురాలి బృందం 33 వాక్యాల కొలమానం తయారుచేసిందట, పిలుస్తారని తెలిస్తే వణుకు పుట్టడం కూడా అందులో ఉంది. సైన్సు క్లాసులు గమనించిన మేరీ బడ్ రో ఇంకో సంగతి చెప్పారు: ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకనట, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయట. ఒక సెకనులో నేను క్రియాపదం వెతుక్కోవాలా, లేచి నిలబడాలా? మీకూ ముందు డెస్కుకీ మధ్య ఇరుక్కున్నవాడు లేవడానికే మూడు సెకన్లు పడుతుందని మీకు తెలీదా?

ఒక్కరోజు మాత్రం మా ముందున్న మీ తమ్ముడి బోల్టులు ఊడిపోయాయి. మెల్లగా మావైపు తిప్పేశాం. నలుగురం ఎదురెదురుగా. రెండేళ్లలో "ప్రెజెంట్" తప్ప నోరు విప్పని వాడు, వాళ్ల నానమ్మ పెట్టుడు పళ్లు పోగొట్టుకుని ఇల్లంతా గాలించిన కథ పది నిమిషాలు చెప్పాడు. కాలాలన్నీ తప్పే, "పళ్లు"కి బదులు "చెట్లు" అన్నాడు, అయినా నవ్వలేక చచ్చాం, మధ్యమధ్య మేమూ ఏదో ఆ భాషలోనే అడిగేస్తున్నాం. మేడం ఆపలేదు, పక్కకొచ్చి నిలబడి ఆవిడా విన్నారు.

ఆ పళ్లు ఎక్కడ దొరికాయో మిగతా కథ రేపు చెప్తానన్నాడు. మర్నాడు వచ్చేసరికి మీ తమ్ముడు యథాస్థానంలో ఉన్నారు. కొత్త బోల్టులు, తళతళా మెరుస్తున్నాయి.

ఇట్లు,
వెనక నుంచి రెండో వరస, గోడ పక్క