శ్రీ సానరాయి గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ సానరాయి గారికి,

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్కన ఒక వడ్రంగి పాకలో రోజూ మీ ఎదుట గొంతుక్కూర్చునే శిష్యుడు నమస్కరించి వ్రాసుకొనునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. నా నడుము క్షేమం గురించి మీరు అడగరు కాబట్టి నేనూ చెప్పను.

నేను ఆచారి గారి దగ్గర చేరింది చెక్కపని నేర్చుకోవడానికి. మిషన్ల జోలికి పోకుండా రంపం, బాడిశ, ఉలి, చిత్రికలతో నా చేతులతో నేను ఒక పీట చేసుకోవాలని. చేరిన రోజున ఆయన ఉలి ఇవ్వలేదు, చెక్కా ఇవ్వలేదు. మిమ్మల్ని చూపించి, "ముందు దీంతో పరిచయం చేసుకో బాబూ, చెక్క ఎక్కడికీ పోదు" అన్నారు. పరిచయం సాగుతూనే ఉంది. చెక్క కూడా ఆయన చెప్పినట్టే ఎక్కడికీ పోలేదు, పాకలో మూలన ఆనించి ఉంది.

మీ గొప్పతనం లోకానికి తెలియదన్నది నా మొదటి ఫిర్యాదు. చేతి పనిముట్ల మీద మోజు పడ్డ నాలాంటివాళ్ల ఇళ్లకు వెళ్లి చూడండి. గోడమీద ఇత్తడి వీపు రంపం ఉంటుంది. విదేశం నుంచి తెప్పించుకున్న ఉలులు కొలతల వరసలో వేలాడుతుంటాయి. చిత్రికకైతే ప్రత్యేకంగా ఒక గూడు. వచ్చినవాళ్లందరూ వాటికి ఫొటోలు తీసుకుంటారు. జిడ్డు కారుతూ బల్ల కింద పడి ఉన్న మీకు ఫొటో తీసినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఉదయగిరిలో నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి కర్రలతో చెక్కే చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటిని చేతిలోకి తీసుకుని ఆ నునుపుకు మురిసిపోని వాళ్లుండరు. ఏ రాయి మీద నూరిన ఇనుముతో దీన్ని చెక్కారని అడిగే మనిషి మాత్రం పుట్టలేదు. ఒంగోలు బజారులో కరెంటు చిత్రిక కావాలంటే కొట్టు యజమాని అద్దాల బీరువా తెరిచి, రకరకాలవి బల్ల మీద పరిచి, టీ తెప్పించాడు. సానరాయి అడిగితే పై అరలో చేయి పెట్టి, దుమ్ము ఊది, "ఇంట్లో కత్తిపీటకా సార్?" అన్నాడు.

ఇక మీ జన్మవృత్తాంతం. కరెంటును కాదని చేతిపనికి వచ్చానని చుట్టాలందరికీ చాటుకున్నవాణ్ణి నేను. 1891లో ఎడ్వర్డ్ అచిసన్ అనే అమెరికన్ కృత్రిమంగా వజ్రం చేద్దామని బంకమట్టినీ బొగ్గు కోక్‌నూ కలిపి, అందులోకి కరెంటు పంపాడట. వజ్రం రాలేదు. నల్లగా మెరిసే పలుకులు వచ్చాయి. వాటికి కార్బొరండం అని పేరు పెట్టాడు. గరుకు ఒకవైపు, మెత్తన ఒకవైపు ఉండి మన కొట్లలో దొరికే మీ వంశం ఆ కొలిమి సంతానమే. ఇప్పటికీ ఇసుకనూ కోక్‌నూ కరెంటు కొలిమిలో 2,000 డిగ్రీలు దాటించి ఆ పలుకులు తీస్తారు. అంటే నేను ఏ కరెంటునైతే వదిలించుకుని వచ్చానో, దాని కడుపున పుట్టిన తమరి ముందే రోజూ వంగి కూర్చుంటున్నాను. వజ్రం కాబోయి తప్పిపోయిన అక్కసును మీరు మా ఉలుల మీద తీర్చుకుంటున్నారని కూడా నాకొక అనుమానం.

మీ శాస్త్రం వినడానికి ఎంత సులువు! రెండు చదును ముఖాలు ఒక గీత దగ్గర కలవాలి, ఆ గీతే పదును. అందుకు ముందుగా ఉలి వీపు, అంటే వాలు లేని వెనక ముఖం, పూర్తిగా చదును కావాలి. వాలును 25 డిగ్రీల దగ్గర దించి, కొసను 30 డిగ్రీలకు నూరాలి. గరుకు వైపు నూరుతూ పోగా పోగా వీపు వైపు అంచున గోటికి తగిలే సన్నని ఇనుప పొర లేస్తుంది. అది ఈ మూల నుంచి ఆ మూల దాకా లేవకపోతే మీ దృష్టిలో నేను నూరనట్టే. లేచాక మెత్తని వైపు మీద అటొకసారి ఇటొకసారి నూరి దాన్ని రాల్చాలి. అప్పుడు అంచును దీపం వైపు తిప్పి చూడాలి. ఎక్కడైనా తెల్లని గీత మెరిసిందా, అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టు. పదునైన అంచు మీద వెలుతురు నిలవడానికి చోటుండదు. ఏమీ కనిపించకపోతేనే ఉత్తీర్ణుణ్ణి చేసే పరీక్ష మీదొక్కటే. ఆచారి గారికి దీపంతో పనిలేదు. బొటనవేలును అంచుకు అడ్డంగా ఆనించి "ఊఁ" అంటారు, లేదా అనరు. అనకపోతే నేను మళ్లీ మీ సన్నిధికి.

ఉలిని ఒకే వాలులో పట్టి ఉంచే చిన్న చక్రాల సాధనం ఒకటి అమ్ముతుంటే కొని తెచ్చాను. ఆచారి గారు దాన్ని అటూ ఇటూ దొర్లించి, మనవడు ఆడుకోవడానికి ఇవ్వచ్చా అని అడిగారు. ఇచ్చేశాను. (నిజానికి అది చాలా పనికొచ్చే వస్తువు. ఈ మాట మీ దగ్గరే ఉండనివ్వండి.)

మీ భక్తుల్లో శాఖాభేదాలు వేరే. నూనె రాయివాళ్లు నీటి రాయివాళ్లను నమ్మరు. వజ్రపు పొడి అద్దిన పలక కొన్నవాళ్లు ఇద్దరినీ చూసి జాలిపడతారు. గాజు మీద వాటర్ పేపరు, అదే నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితం, అంటించుకుని నూరే పేదభక్తుడు ఎవరికీ ఆనడు. నంబరు పెరిగేకొద్దీ రాయి మెత్తన; 1,000 నంబరు రాయి తర్వాత 6,000కు పోవాలా, మధ్యలో ఇంకొకటి కొనాలా అని వీళ్లు వాదించుకుంటూ ఉంటే అందరి ఉలులూ ప్రశాంతంగా తుప్పు పడుతుంటాయి.

మీ పగవాడైన మిషన్ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. కరెంటు చిత్రికలో బ్లేళ్లు నిమిషానికి 16,000 చుట్ల దాకా తిరుగుతాయి. ఆ వేగంలో అంచు కొంత మొద్దుబారినా చెక్క నోరెత్తలేదు. బ్లేడు ఒకవైపు పోతే తిప్పి బిగిస్తారు, రెండోవైపూ పోతే పారేస్తారు. ఎవరూ ఎవరి ముందూ వంగి కూర్చోనక్కర్లేదు. పైగా మన జిల్లాల్లో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాడు ఎవడైనా గుమ్మానికి టేకే అంటాడు. టేకు ఒంట్లో సిలికా ఉంటుంది, అది చేతి చిత్రిక అంచును చూస్తుండగానే తినేస్తుంది. అడుగుల లెక్కన కూలి తీసుకుని, ఫలానా రోజుకు తలుపులన్నీ బిగిస్తానని ఒప్పుకున్న మనిషి గంటకొకసారి మీ ముందు జపానికి కూర్చోగలడా? ఆచారి గారి అబ్బాయి మిషన్లు కొన్నాడు. మంచి పని చేశాడు. చేతిపని మహత్యం గురించి అతనికి ఉపన్యాసం ఇవ్వడానికి నేనెవర్ని? నా జీతం ఒకటో తారీకున వేరే చోటి నుంచి వస్తుంది. ఈ పని మీద ఇంత భక్తి పుట్టేది ఎక్కువగా దీనితో కడుపు నింపుకోనక్కర్లేని వాళ్లకే.

అయినా తమరు మీసం మెలేసుకోదగ్గ సంగతి ఒకటుంది. తలుపు అంచున బందు కూర్చోవడానికి గాడి తీసేది ఇప్పుడు రౌటర్ అనే కరెంటు మిషనే. అది గిర్రున తిరిగే వస్తువు కాబట్టి ఎంత ఖరీదు పెట్టి కొన్నా గాడి మూలలు గుండ్రంగానే తీస్తుంది. బందు మూలలేమో నలుచదరం. అప్పుడు అబ్బాయి సంచిలో చేయి పెట్టి ఉలి బయటికి తీస్తాడు. దాన్ని చివరిసారి ఎప్పుడు నూరారో అతనికే గుర్తుండదు. సుత్తితో నాలుగు బాదుతాడు. చెక్క తెగదు, చితుకుతుంది. చితికిన చోట పుట్టీ పెడతాడు. పుట్టీ మీద రంగు వేస్తాడు. మన కొత్త ఇళ్ల తలుపుల్లో ఎంత పుట్టీ ఉందో, మీకు అంత అవమానం జరిగినట్టు లెక్క.

ఒకసారి అతను మీకు శ్రమ తగ్గిద్దామని తండ్రి ఉలిని కరెంటు గ్రైండరుకు ఆనించాడు. రవ్వలు దీపావళిని మించి వచ్చాయి. అంచు నీలం తిరిగింది. ఉక్కు నీలం తిరిగిందంటే 300 డిగ్రీల వేడి తగిలి గట్టిదనం పోయిందనే. ఆచారి గారు కొడుకును ఒక్క మాట అనలేదు. నన్ను పిలిచి, ఆ నీలం మొత్తం పోయేదాకా మీ మీద నూరమన్నారు. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరిది. మీరేమో ఆ పూటంతా చల్లగా కూర్చున్నారు.

పోనీ మిమ్మల్ని వదిలి పారిపోదామా అంటే ఈ రోడ్డు పొడవునా మీ బంధువులే. పడమటికి పోతే చీమకుర్తిలో నల్ల గ్రానైటు, ఒంటినిండా బంగారు చుక్కలు. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజమని చెప్పినా వినకుండా దేశదేశాలవాళ్లు బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టి వంటింటి గట్లకు పరుచుకున్నారు. పొదిలి దాటి మార్కాపురం చేరితే బడి పలకల రాయి. నాకు అక్షరాలు దిద్దించింది అదే. ఈ వయసులో మీరు దొరికారు.

అయితే ఆ బంధువుల్లోనే మీ గుట్టు విప్పేవాడు ఒకడున్నాడు. ఈమధ్య ఎంత నూరినా చిత్రిక బ్లేడు అంచు వంపు తిరుగుతోంది. ఆచారి గారి "ఊఁ" వినబడక చాలా కాలమైంది. తప్పంతా నా మణికట్టుదేనని అందరూ తేల్చారు, మీరూ మౌనంగా ఒప్పుకున్నారు. నిన్న మూలమట్టం అంచును మీ మీద నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేసి చూశాను. నడిమధ్యన వెలుతురు ధారాళంగా కారుతోంది! ఎన్నేళ్ల నుంచో అందరూ మీ నడుము మీదే నూరడం వల్ల అక్కడ గుంట పడింది. అందరి వంకరలూ పట్టుకునే తమరికి ఇంత వంకర ఉందని ఒక్కనాడైనా సూచించారా? గుంటలో నూరిన అంచు తిన్నగా ఎలా వస్తుందండీ?

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, చీమకుర్తి పాలిషింగు యూనిట్ల బయట పారేసిన గ్రానైటు ముక్క ఒకటి సంపాదించాను. మనం చేతితో ఎంత నూరినా రాని చదును దానికి ఉంది. ఆదివారం ఉదయం దాని మీద వాటర్ పేపరు పరిచి, సబ్బు నీళ్లు చల్లి, మిమ్మల్ని బోర్లా పడుకోబెడతాను. అంతకుముందు మీ ఒంటినిండా పెన్సిలుతో గళ్లు గీస్తాను. నడుము దగ్గరి గళ్లు కూడా చెరిగేదాకా రుద్దుతూనే ఉంటాను. మధ్యలో లేవడానికి వీల్లేదు. ఆచారి గారికి ముందే విన్నవించాను. ఆయన తమరి తరఫున ఏమీ మాట్లాడలేదు, పాత గోనెసంచి ఒకటి ఇచ్చి, నీళ్లు పాకలోకి రాకుండా బయట పెట్టుకోమన్నారు.

ఇట్లు,
ముంజేతి వెంట్రుకలన్నీ పదును పరీక్షలకు సమర్పించుకున్న
మీ శిష్యుడు