రెండో బంతి

కోపెన్‌హాగెన్‌కి చుట్టాలొస్తే ఈ ఊళ్ళో ఉండే తెలుగువాళ్ళం మనందరిదీ ఒకటే దారి. పాత రేవు న్యూహావ్న్‌లో ఫొటో, మత్స్యకన్య బొమ్మ దగ్గర "ఇంతేనా?" అని ఒక నిట్టూర్పు, టివోలీ వినోదాల పార్కు, ఆకలేస్తే ఏదో ఒక ఇండియన్ హోటల్లో బటర్ చికెన్. పదకొండేళ్ళుగా నేనూ వచ్చినవాళ్ళందర్నీ ఇలాగే తిప్పాను. ఈ మే నెలలో మా మావయ్యగారు మాత్రం అడ్డం తిరిగారు. తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. "బాబూ, బటర్ చికెన్ మా ఇంటి సందు చివరా దొరుకుతుంది. ఈ ఊరివాళ్ళు తినేదేదో అది పెట్టించు" అన్నారు.

సరే అని ఒక కెల్లర్‌కి తీసుకెళ్ళాను. కెల్లర్ అంటే నేలమాళిగ, అందులో నడిచే భోజనశాలనీ అలాగే అంటారు. పాత ఊళ్ళో నడిచినవాళ్ళు చూసే ఉంటారు, ఇళ్ళ కింది అంతస్తు సగం భూమిలో దిగబడి, కిటికీలు మన మోకాళ్ళ ఎత్తులో ఉంటాయి. 1728లో ఒకసారి, 1795లో ఒకసారి మంటలు ఈ ఊళ్ళో చాలా భాగాన్ని తినేశాయి. మళ్ళీ కట్టుకున్న ఇళ్ళ కింద ఆ సగం మాళిగల్లో చెప్పులు కుట్టేవాళ్ళు, సారా అమ్మేవాళ్ళు, పూటకూళ్ళవాళ్ళు చేరారు. హౌసర్ ప్లాడ్స్ అనే కూడలిలోని షోనెమన్ భోజనశాల 1877 నుంచి నడుస్తోంది, అక్కడ ఇప్పటికీ నేలమీద ఇసుక చల్లుతారు. పార్లమెంటు భవనం దగ్గర స్లొట్స్‌కెల్లరెన్ 1910 నాటిది. మేం వెళ్ళింది ఈ రెండూ కాదు, ఇంకా చిన్నది. తల వంచి ఆరు మెట్లు దిగాలి. కిందికి దిగగానే పాత చెక్క, ఉల్లిపాయ, వేయించిన చేప, మూడూ కలిసిన వాసన.

బల్ల పన్నెండింటికి చెప్పుకున్నాం. మనం మనమే కాబట్టి పన్నెండున్నరకి చేరాం. వడ్డించే ఆవిడ కసురుకోలేదు గానీ గోడ గడియారం చూపించి, రెండుంబావుకి ఈ బల్ల ఇంకొకరిది, రెండు గంటలకల్లా లేవాలి అని చెప్పింది. ఈ పాతకాలపు మధ్యాహ్న భోజనశాలల్లో చాలాచోట్ల ఇదే ఏర్పాటు. పూటకి రెండు వాయిలు. నేను సిగ్గుపడుతూ మావయ్యగారికి అనువదించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే మనం మొదటి బంతి! త్వరగా తినకపోతే రెండో బంతివాళ్ళు వచ్చి కుర్చీ వెనకాల నిలబడతారు!" అన్నారు.

బంతి. ఆ మాట విని నాకెన్నేళ్ళయిందో. మా పిల్లలకైతే బంతి అంటే ఆడుకునేదే.

తర్వాత గంటన్నరసేపు ఆయన తిన్నదానికంటే గమనించింది ఎక్కువ. ఆ భోజనానికి ఒక వరస ఉంది. వాళ్ళ వంటకం స్మోర్‌బ్రోద్ (చివరి అక్షరాన్ని డేన్‌లు, అంటే డెన్మార్క్‌వాళ్ళు, సగం మింగేస్తారు, మీరూ మింగేయండి). పుల్లగా, బరువుగా, నల్లగా ఉండే రై రొట్టె ముక్కకి వెన్న రాసి పైన ఏదైనా పేర్చేది. ఏదైనా అంటే నిజంగా ఏదైనానే. 1888లో మొదలైన ఓస్కర్ డేవిడ్సన్ హోటల్ ఒకప్పటి మెనూ కాగితం 140 సెంటీమీటర్ల పొడవు, అందులో 178 రకాలట. కానీ ఎన్ని రకాలున్నా నోటికొచ్చిన వరసలో తినకూడదు. మొదట సిల్, అంటే ఉప్పు, వెనిగర్, చక్కెరలో ఊరిన హెర్రింగ్ చేప. దాని తర్వాత వేడి చేప. తర్వాత మాంసం. చివర చీజ్. మనకి మొదట పప్పూ నెయ్యీ, ఆఖర్న పెరుగూ ఎలాగో అలాగ. పెరుగుతో మొదలెట్టినవాణ్ణి మన ముసలమ్మలు ఎలా చూస్తారో, చీజ్‌తో మొదలెట్టినవాణ్ణి వీళ్ళు అలా చూస్తారు.

చేప అయిపోగానే ఆవిడ వచ్చి ప్లేట్లు తీసి కొత్తవి పెట్టింది. చేప వాసన తర్వాతిదానికి అంటకూడదని. మావయ్యగారు నా వైపు వంగి, "విస్తరి మారుస్తున్నారోయ్" అన్నారు మెల్లిగా, పక్కబల్లవాళ్ళకి తెలుగు వచ్చేసినట్టు.

ఒక పొరపాటు జరిగింది. ఆయన రొట్టెముక్కని చేత్తో ఎత్తారు. రొట్టె కదా, చేత్తోనే తింటారనుకోవడం న్యాయమే. కానీ స్మోర్‌బ్రోద్‌ని కత్తీ ఫోర్కులతో కోసుకునే తినాలి. ఎత్తితే పైన పేర్చిందంతా ఒళ్ళో పడుతుంది. పడింది కూడా, ఒక ఉల్లిచక్రం, రెండు కేపర్లు (ఊరబెట్టిన చిన్న మొగ్గలు). పక్కబల్ల పెద్దాయన నవ్వకుండా తన కత్తిని కాస్త ఎత్తి ఎలా పట్టుకోవాలో చూపించి మళ్ళీ తన చేపలో పడ్డాడు. అంతకంటే మర్యాద నేనెరగను.

డానిష్ తిండి చప్పిడి అనే మన మాట మీద ఇక్కడ నాకో తగువుంది. ఆఫీసు క్యాంటీన్లో తిన్న ఉడకేసిన బంగాళాదుంపని బట్టి మనం ఆ తీర్పు చెప్పేశాం. సెనప్‌సిల్ అని ఒకటుంది, అచ్చంగా ఆవపెట్టిన చేప. దానికి ముక్కు అదరకపోతే నన్నడగండి. స్నాప్స్ అనే మందులో వేసేది మన బిర్యానీలో పడే షాజీరా జాతిదే. ఇక కారీసిల్. పసుప్పచ్చటి కర్రీ పొడి కలిపిన మెత్తటి సాస్‌లో చేప. పేరు విని మావయ్యగారికి తరంగంబాడి గుర్తొచ్చింది. 1620లో డేన్‌లు తమిళ తీరంలో దిగి కోట కట్టుకుని, 1845లో ఇంగ్లీషు కంపెనీకి అమ్ముకునేదాకా ఉన్న ఊరు. డెన్మార్క్ రాజు అండతో నడిచిన అక్కడి మిషన్‌కి వచ్చినవాడే బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్. తర్వాత మద్రాసుకి మారి, తెలుగు నేర్చి, జర్మనీలోని హాలే నగరంలో 1746-47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే. ఇదంతా ఆయన చేప నములుతూ చెప్పారు. పదకొండేళ్ళు ఇక్కడున్న నాకు ఈ సంగతి తెనాలి నుంచి వచ్చి చెప్పాల్సి వచ్చింది.

శాకాహారులకి ఆ మాళిగలో అంత సుఖం లేదు, ఒప్పుకుంటాను. ఉడికించిన కొత్త బంగాళాదుంప చక్రాలు, మయొనీజ్, వేయించిన ఉల్లి పేర్చిన ముక్క ఒకటి, చీజ్ ఒకటి, కోడిగుడ్డు తింటే ఇంకొకటి, అంతే. అదీ మయొనీజ్‌లో గుడ్డు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ధర కూడా చెప్పాలి కదా, ఒక్కో ముక్క 100 క్రోనర్లు దాటుతుంది, మనిషికి రెండో మూడో కావాలి. నెలనెలా వెళ్ళే చోటు కాదు.

అయితే నా అసలు గొడవ చేప గురించి కాదు. మొన్నటి మన ఉగాది గురించి.

బడి హాలు అద్దెకి తీసుకున్నాం. పద్నాలుగు రకాలు వండించాం. అల్యూమినియం ట్రేలు వరసగా పెట్టి, గోడ చుట్టూ తిరిగిన లైనులో నలభై నిమిషాలు నిలబడి, కాగితం ప్లేటులో పద్నాలుగూ ఒకేసారి పోయించుకున్నాం. సాంబారు పారుకుంటూ వెళ్ళి బూరెల్ని తడిపింది. పులిహోర మీద పెరుగు. కూర్చోడానికి చోటు లేక, కోట్లు తగిలించిన కొక్కేల కింద నిలబడి తిన్నాను. పక్కన ఎవరున్నారో చూడలేదు. ఇరవై నిమిషాల్లో హాలు సగం ఖాళీ. వండినవాళ్ళ తప్పు ఒక్కటీ లేదు, వంట అమోఘం. దాన్ని మనం తిన్న తీరుంది చూశారూ, అదీ నా ఫిర్యాదు. ఈ దేశంవాళ్ళు ఆరు మెట్లు దిగి మరీ తమ వరసని కాపాడుకుంటున్నారు. మనం మన వరసని ట్రేల్లో కలిపేసి గరిట తిప్పాం.

మీరేమంటారో నాకు తెలుసు. బంతి బంతి అని మురిసిపోకు, ఆ బంతుల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరు బయట ఆకులు ఎత్తే దాకా ఆగాలో మర్చిపోయావా అంటారు. మర్చిపోలేదు. సహపంక్తి భోజనాలని ఒక ఉద్యమమే నడపాల్సి వచ్చిందంటే మామూలు పంక్తి ఎలాంటిదో తెలుస్తూనే ఉంది. బఫే లైను ఆ అడ్డుగోడని తీసేసింది, అందుకు దానికో దణ్ణం. కానీ ఇక్కడ, ఈ బడి హాల్లో, ఎవరు ముందొస్తే వాళ్ళు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునే బంతి పెట్టుకోకుండా మనల్ని ఎవరాపుతున్నారు?

రెండో అభ్యంతరం, హాలు గంటల లెక్కన అద్దె, టైం చాలదు. రెండు బంతులు పెడదాం. నూట ఇరవై మందిమి, బంతికి అరవై. బంతికి గంట. లైనులో నిలబడే నలభై నిమిషాలు ఎలాగూ పోతున్నాయి కదా. వడ్డనకి మనుషులు లేరంటారా? మొదటి బంతికి రెండో బంతిలోని మగవాళ్ళు, రెండో బంతికి మొదటివాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు. ఇక్కడ వడ్డించేవాళ్ళంతా మనవాళ్ళే.

కెల్లర్‌లో ఎవరూ స్నాప్స్ గ్లాసు తమంతట తాము ఎత్తరు. ఒకరు ఎత్తి "స్కోల్" అనాలి, అందరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూడాలి, తాగాలి, గ్లాసు దింపేముందు మళ్ళీ చూసుకోవాలి. పక్కబల్ల పెద్దాయన ఆ చిన్న గ్లాసు మా వైపు ఎత్తాడు. మావయ్యగారు మందు ముట్టరు. యాపిల్ రసం గ్లాసు ఎత్తి, ఆయన కళ్ళలోకి చూస్తూ, మా ఊరి పెళ్ళిళ్ళలో బంతి మొదలయ్యేముందు అనే గొంతుతో "గోవిందా" అన్నారు. పక్కబల్ల పెద్దాయన తల ఊపి తాగాడు.

సరిగ్గా రెండింటికి లేచాం. మెట్లమీద రెండో బంతివాళ్ళు అప్పటికే కోట్లు విప్పుకుంటున్నారు.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నేను రాసిచ్చాను, వచ్చే ఉగాదికి బల్లలు వేద్దామని. మొదటి బంతికి పప్పు బకెట్టు నేను పట్టుకుంటాను, పులుసు కూడా. నెయ్యి మాత్రం నా చేతికివ్వకండి, సగం బంతికే అయిపోతుంది.